ఉలుకూ పలుకూ లేని డీవీడీ రైటర్!

బటన్ నొక్కితే ట్రే కదలదు. డిస్కు పెడితే లైటు మినుకుమంటుందే తప్ప పని జరగదు. లినక్స్‌ను అడిగితే అసలు రైటరే లేదు పొమ్మంటుంది. ఇక దాని పని అయిపోయిందని పాత సామాన్లవాడికి వేసేయబోతున్నారా? ఒక్క ఆదివారం ఆగండి. కరెంటు దగ్గర్నుంచి డిస్కు దాకా ఐదు మజిలీలున్నాయి. జబ్బు వాటిలో ఎక్కడుందో ముందు చూడండి.

పెళ్లి వీడియో, అమ్మాయి ఓణీల వేడుక, అబ్బాయి అక్షరాభ్యాసం, తాతగారి షష్టిపూర్తి... వీడియో క్యాసెట్ల కాలం పోయి సెల్‌ఫోన్ల కాలం వచ్చేలోపు తెలుగిళ్లలో జరిగిన సంబరాలు చాలావరకూ సీడీలూ డీవీడీల్లోనే ఉండిపోయాయి. బీరువా పై అరలో, పట్టుచీరల మధ్యన, ఫొటోగ్రాఫర్ ఇచ్చిన రంగురంగుల డబ్బాల్లో భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉన్నాయన్నది మన నమ్మకం. వాటిని తెరిచి చూసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తుండదు.

చూడాలనిపించినప్పుడు మొదలవుతుంది అసలు కథ. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. టీవీ కింద ఉండే డీవీడీ ప్లేయర్ ఎప్పుడో అటకెక్కింది. ఇక మిగిలింది మూలన దుమ్ము కొట్టుకుపోతున్న పాత డెస్క్‌టాప్ ఒక్కటే. దానికో డీవీడీ రైటర్ ఉంటుంది. స్కానింగ్ సెంటర్ వాళ్లిచ్చిన సీడీని డాక్టరుకు చూపించడానికి ఇంకో కాపీ కావాలన్నా, పెళ్లి వీడియోను అమెరికాలో ఉన్న చెల్లెలికి పంపాలన్నా అదే దిక్కు.

ఇలాంటి పాత కంప్యూటర్లు ఈమధ్య కొన్ని లినక్స్ బాట పట్టాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు నిలిచిపోయింది. విండోస్ 11 వేద్దామంటే పాత యంత్రాలు చాలావాటికి అర్హత లేదు. బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ను పారేయడం ఇష్టం లేనివాళ్లు లినక్స్ మింట్ లాంటివో ఉబుంటు లాంటివో ఉచితంగా తెచ్చి వేసుకున్నారు. ఇంటర్నెట్ వచ్చింది, పాటలు వచ్చాయి, ఉత్తరాలు టైపు చేసుకోవడమూ వచ్చింది. తీరా డిస్కు పెట్టేసరికి రైటర్ మొరాయించింది!

'లినక్స్ వేశాం కాబట్టే పాడైంది' అంటారు ఒకరు. 'పదేళ్లనాటి రైటర్... ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది' అంటారు ఇంకొకరు. రెండూ నిజం కావచ్చు, రెండూ కాకపోవచ్చు. ఎందుకంటే తీగ వదులైనా, అనుమతి లేకపోయినా, డిస్కు నచ్చకపోయినా తెర మీద కనిపించే ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది. 'డ్రైవ్ దొరకలేదు' అనో 'ఖాళీ డిస్కు పెట్టండి' అనో చెప్పి ఊరుకుంటుంది. రోగమొకటైతే మందొకటి వేయకుండా ఉండాలంటే వరస తప్పకుండా చూసుకుంటూ వెళ్లాలి.

ఇంతకీ లోపల జరిగేదేంటి?

జబ్బు తెలియాలంటే ముందు ఒళ్లు తెలియాలి. రైటర్ అంటే ఓ మోటారు, ఓ కంటి లాంటి కటకం, దాని వెనుక లేజర్ దీపాలు. ఖాళీ సీడీలో పలచటి రంగు పూత ఉంటుంది. లేజర్ ఆ పూతను అక్కడక్కడా వేడిచేసి మార్చేస్తుంది. మారిన చోటొకటి, మారని చోటొకటి. ఆ తేడాలే తర్వాత పాటగానో ఫొటోగానో మారతాయి. ఈ రాత లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ సాగుతుంది. సీడీ మీద ఆ చుట్టలన్నీ విప్పి నిలువుగా పరిస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. డీవీడీ అయితే దాదాపు 12 కిలోమీటర్లు!

పక్కపక్క వరసల మధ్య దూరం సీడీలో 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే ఆ కాస్త జాగాలో సీడీ వరసలు 40కి పైగా పడతాయి. కటకం మీద చిటికెడు దుమ్ము పడితే రైటర్‌కు ఎందుకు కళ్లు కనిపించవో అర్థమైంది కదా.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. సీడీకి వాడే లేజర్ వేరు, డీవీడీకి వాడే లేజర్ వేరు. మొదటిది 780 నానోమీటర్లది, కంటికి కనిపించదు. రెండోది 650 నానోమీటర్ల ఎర్రటి కాంతి. ఒకే రైటర్‌లో రెండూ ఉంటాయి. ఒకటి పోయినా రెండోది నిక్షేపంగా ఉండొచ్చు. పైగా చదవడానికి కాస్త వెలుతురు చాలు, రాయడానికి దానికి ఎన్నో రెట్లు శక్తి కావాలి. సీడీలు చదివి డీవీడీలను తిప్పికొట్టే రైటర్లూ, అన్నీ చదివి ఏమీ రాయని రైటర్లూ ఉండేది అందుకే.

మొదటి మజిలీ... కరెంటు, తీగ

ముందు లినక్స్‌ను పక్కన పెట్టండి. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే, ఇంకా ఏదీ మొదలుకాకముందే రైటర్ బటన్ నొక్కండి. ట్రే బయటికి వచ్చిందా? అయితే కరెంటు అందుతున్నట్టే. అప్పుడే ఎందుకు నొక్కాలంటే, లినక్స్ లేచాక డిస్కు వాడకంలో ఉంటే అది ట్రేకు తాళం వేస్తుంది. బటన్ పనిచేయదు. అది జబ్బు కాదు, జాగ్రత్త.

ట్రే రాకపోతే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, డబ్బా తెరిచి చూడాలి. రైటర్ వెనుక రెండు తీగలుంటాయి. వెడల్పు ప్లగ్గుది కరెంటు, సన్నదానిది సమాచారం. రెండూ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. చాలాసార్లు తీగ చివర వదులై ఉంటుంది. మార్చి చూడటానికి వేరే తీగ లేకపోతే హార్డ్‌డిస్కుకు ఉన్న అలాంటి తీగనే కాసేపు అరువు తీసుకుని రైటర్‌కు పెట్టి, ట్రే కదులుతుందో లేదో చూడొచ్చు. మరీ పాత యంత్రాల్లో వెడల్పాటి రిబ్బను లాంటి తీగ ఉంటుంది. ఒకే రిబ్బనుకు రెండు పరికరాలు తగిలిస్తే ఒకటి 'మాస్టర్', రెండోది 'స్లేవ్'గా ఉండాలి. రైటర్ వెనుక ఉండే బుల్లి జంపర్ పిన్నుతో దాన్ని నిర్ణయిస్తారు. రెండూ మాస్టర్లమేనని కూర్చుంటే ఏదీ పలకదు.

మోటారు గుర్రుమంటోంది కానీ ట్రే రావట్లేదంటే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉండొచ్చు. రైటర్ ముందు భాగంలో సూది దూరేంత రంధ్రం ఒకటి కనిపిస్తుంది. కరెంటు తీసేశాక, పేపర్ క్లిప్పును నిటారుగా చేసి అందులో మెల్లగా నొక్కితే ట్రే కాస్త బయటికి వస్తుంది. లోపల ఇరుక్కున్న డిస్కును కాపాడుకునే దారి అదే.

యూఎస్‌బీతో తగిలించే పలుచటి రైటర్లది వేరే సమస్య. వాటికి కరెంటు కూడా ఆ తీగ నుంచే రావాలి. యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. చదివేటప్పుడు సరిపోయిన ఈ కరెంటు రాసేటప్పుడు చాలకపోవచ్చు. మధ్యలో హబ్ లాంటివి పెట్టకుండా కంప్యూటర్ వెనుక రంధ్రానికి నేరుగా తగిలించాలి. రెండు తలల తీగ ఇచ్చి ఉంటే రెండు తలలూ గుచ్చాలి.

రెండో మజిలీ... కంప్యూటర్ గుర్తుపట్టిందా?

ఆన్ చేయగానే డెల్ లేదా ఎఫ్2 మీట నొక్కితే చాలా కంప్యూటర్లలో 'బయోస్' తెర వస్తుంది. అందులో హార్డ్‌డిస్కుతో పాటు రైటర్ పేరు కూడా కనిపించాలి. అక్కడే లేకపోతే లినక్స్‌ను తిట్టి లాభం లేదు. మళ్లీ మొదటి మజిలీకే వెళ్లాలి. అక్కడ ఉండి లినక్స్‌లో లేకపోతేనే తర్వాతి మాట.

లినక్స్‌లో 'టెర్మినల్' అనే నల్లటి కిటికీ తెరవండి. ఇంగ్లిషు చిన్నబడి అక్షరాల్లో ఎల్, ఎస్, బి, ఎల్, కె అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. డిస్కుల జాబితా వస్తుంది. అందులో 'ఎస్‌ఆర్0' అన్న పేరుంటే రైటర్ దొరికినట్టే. రెండో రైటర్ ఉంటే దాని పేరు ఎస్‌ఆర్1.

మరింత వివరం కావాలంటే ఎస్, యు, డి, ఒ అని కొట్టి, ఖాళీ వదిలి, డి, ఎం, ఇ, ఎస్, జి అని కొట్టండి. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇచ్చాక కంప్యూటర్ లేచినప్పటి నుంచి జరిగినదంతా డైరీలా తెర మీద పరిచేస్తుంది. అందులో ఎస్‌ఆర్0 ఉన్న వరస వెతకండి. రైటర్ వేగంతో పాటు 'రైటర్' అన్న మాట కూడా అక్కడ ఇంగ్లిషులో కనిపించాలి. లింకు పదేపదే తెగి అతుక్కుంటున్నట్టు సందేశాలు బారులు తీరితే తీగ మార్చడమే మంచిది.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 'డీవీడీ' అని ముందు అచ్చేసి ఉన్నదల్లా డీవీడీ రాయలేదు! ఒకప్పుడు 'కాంబో' డ్రైవ్‌లు బాగా అమ్ముడయ్యాయి. అవి డీవీడీని చదువుతాయి, సీడీని చదివి రాస్తాయి. డీవీడీ రాయమంటే మాత్రం చేతులెత్తేస్తాయి. తేల్చుకోవడం తేలికే. కంప్యూటర్ ఫైళ్లలో అన్నిటికీ పైన 'ప్రాక్' అనే ఫోల్డరు ఉంటుంది. అందులో 'సిస్', దానిలో 'డెవ్', దానిలో 'సీడీరామ్', దానిలో 'ఇన్‌ఫో' అనే ఫైలు. తెరిస్తే ఏమేం చదవగలదో, ఏమేం రాయగలదో వరసగా ఉంటుంది. ఎదురుగా 1 ఉంటే వచ్చు, 0 ఉంటే రాదు.

పుస్తకాల్లో దొరికే పాత చిట్కాలతోనూ జాగ్రత్త. 2.4 కెర్నెల్ రోజుల్లో మామూలు రైటర్‌ను 'స్కజీ' పరికరంలా నటింపజేస్తే తప్ప సీడీ రాసేది కాదు. దానికోసం కంప్యూటర్ లేచేటప్పుడే ప్రత్యేక ఆదేశం ఇవ్వాల్సి వచ్చేది. 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వచ్చాక ఆ వేషం అక్కర్లేకపోయింది. ఆ ఆదేశాలు ఇప్పటి లినక్స్‌లో కొడితే ఉపయోగం లేదు. అప్పట్లో 'హెచ్‌డీసీ' అని పిలిచిన రైటరే ఇప్పుడు ఎస్‌ఆర్0 అయింది.

మూడో మజిలీ... మీకు అనుమతి ఉందా?

లినక్స్‌లో ప్రతి వస్తువుకూ ఓ యజమాని, ఓ బృందం ఉంటాయి. రైటర్ కూడా అంతే. డెబియన్, ఉబుంటు, మింట్ లాంటి వాటిలో రైటర్‌ను వాడుకునే బృందం పేరు 'సీడీరామ్'. ఆర్చ్ లినక్స్‌లో దాన్నే 'ఆప్టికల్' అంటారు. మామూలుగా కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయిన వ్యక్తికి అనుమతి దానంతటదే వస్తుంది. కానీ ఇంట్లో పిల్లలకో పెద్దలకో విడిగా తెరిచిన ఖాతాల్లో ఒక్కోసారి రాకపోవచ్చు. నాన్న ఖాతాలో రాస్తున్న రైటర్ అమ్మ ఖాతాలో పలకలేదంటే అనుమానించాల్సింది దీన్నే.

టెర్మినల్‌లో జి, ఆర్, ఒ, యు, పి, ఎస్ అని కొడితే ఆ ఖాతా ఏయే బృందాల్లో ఉందో చెబుతుంది. సీడీరామ్ లేకపోతే, మింట్‌లో అయితే 'యూజర్స్ అండ్ గ్రూప్స్' అన్నచోట చేర్చుకోవచ్చు. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. చాలామంది ఈ చివరి పని మరిచిపోయి 'చేర్చినా పనిచేయట్లేదు' అనుకుంటారు.

ఈ కట్టుదిట్టం వెనుక ఓ కథ ఉంది. 2004 ఆగస్టులో వచ్చిన 2.6.8 కెర్నెల్‌తో, అప్పటిదాకా హాయిగా సీడీలు రాసుకుంటున్నవాళ్లకు హఠాత్తుగా రాత ఆగిపోయింది. యంత్రం అదే, రైటర్ అదే, డిస్కులూ అవే! కారణం ఏంటంటే... రైటర్‌ను తెరవగలిగిన ఎవరైనా దానికి ఏ ఆదేశమైనా పంపగలిగే లొసుగు అంతకుముందు ఉండేది. దాని లోపలి ప్రోగ్రామ్‌ను చెరిపేసే ఆదేశం కూడా పంపొచ్చు. ఆ ప్రమాదాన్ని ఆపడానికి కెర్నెల్ రాసేవాళ్లు ఆదేశాలకు జల్లెడ పెట్టారు. ఆ జల్లెడలో సీడీ రాసే ఆదేశాలు కూడా ఇరుక్కుపోయాయి. తర్వాతి కెర్నెళ్లలో సర్దుకుంది.

నాలుగో మజిలీ... ఎవరైనా పట్టుకుని కూర్చున్నారా?

'డివైస్ బిజీ' అని వచ్చిందంటే ఇంకో ప్రోగ్రామ్ రైటర్‌ను వాడుతోందని అర్థం. డిస్కు పెట్టగానే తెరుచుకునే ఫైళ్ల కిటికీ, పాటల ప్లేయర్ లాంటివన్నీ మూసేయండి. ఇంకా వదలకపోతే టెర్మినల్‌లో ఎల్, ఎస్, ఒ, ఎఫ్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, డెవ్, స్లాష్, ఎస్‌ఆర్0 అని కలిపి ఇస్తే ఎవరు పట్టుకున్నారో పేరుతో సహా చెబుతుంది.

మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కులతో ఇంకో చిక్కు. అందులో పాత ఫైళ్లుంటే లినక్స్ వెంటనే తెరిచేస్తుంది. తెరిచి ఉన్నంతసేపూ చెరిపి రాయడానికి కుదరదు. 'ఎజెక్ట్' కాకుండా 'అన్‌మౌంట్' అన్నది ఎంచుకుంటే డిస్కు లోపలే ఉండి చేతులు ఖాళీ అవుతాయి.

ఖాళీ డిస్కు విషయంలో సరిగ్గా దీనికి తలకిందులు. ఖాళీ డిస్కులో ఫైళ్లే ఉండవు కాబట్టి పెన్‌డ్రైవ్‌లా తెరుచుకోదు. తెరవమని బలవంతం చేస్తే 'చదవలేకపోతున్నా' అని ఎర్ర అక్షరాలు వస్తాయి. అది చూసి రైటర్ పోయిందనుకుంటే పొరపాటు. నేరుగా రాసే ప్రోగ్రామ్‌లోకి వెళ్లి అక్కడ డిస్కు కనిపిస్తుందో లేదో చూడాలి.

రాస్తూ రాస్తూ మధ్యలో బిగుసుకుపోయిందా? కాసేపు ఆగి ఇ, జె, ఇ, సి, టి అని కొట్టండి. రాకపోతే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడం కాదు, పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి ఓ నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. రైటర్‌కు తనదంటూ ఓ చిన్న మెదడు ఉంటుంది. రీస్టార్ట్ చేసినప్పుడు దానికి కరెంటు పోదు. బిగుసుకున్న మెదడు బిగుసుకున్నట్టే ఉంటుంది. కరెంటు పూర్తిగా పోతేనే మళ్లీ మొదటి నుంచి లేస్తుంది.

ఐదో మజిలీ... తప్పు డిస్కుదేమో!

ఖాళీ డిస్కు నిజానికి పూర్తిగా ఖాళీ కాదు. తయారుచేసినవాళ్ల గుర్తు, ఎంత వేగంతో రాయొచ్చన్న వివరం లోపలి అంచు దగ్గర ముందే ఉంటాయి. రైటర్ దాన్ని చదివి, 'ఈ రకం పూతకు లేజర్ ఇంత వేడి పెట్టాలి' అని తన జాబితాలో చూసుకుంటుంది. జాబితాలో లేని కంపెనీ డిస్కు వస్తే తడబడుతుంది. కొన్నిసార్లు అసలు డిస్కే లేదంటుంది. అందుకే రైటర్‌ను తిట్టే ముందు వేరే కంపెనీ డిస్కు ఒకటి పెట్టి చూడాలి. ప్లస్ రకం పలక్కపోతే మైనస్ రకం ప్రయత్నించాలి. ఏళ్ల తరబడి షాపులో ఎండా వేడీ తిన్న ఖాళీ డిస్కు కూడా పాడవుతుంది. సీలు తీయలేదు కదా అని నమ్మడానికి లేదు.

వేగం సంగతీ అంతే. డీవీడీని 4 రెట్ల వేగంతో రాస్తే నిండటానికి 14 నిమిషాలు పడుతుంది. 16 రెట్లు పెడితే చిటికెలో అయిపోతుంది కానీ, వయసైన లేజర్‌కు అంత శక్తి ఉండదు. అలాంటి రైటర్‌కు తక్కువ వేగమే మేలు. డిస్కు మీద 4.7 జీబీ అని ఉన్నా కొన్ని ప్రోగ్రాములు దాన్నే 4.38గా చూపిస్తాయి. లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. అంచు దాకా కుక్కకుండా కాస్త ఖాళీ వదలండి.

నాలుగు డిస్కుల పరీక్ష

ఐదు మజిలీలూ దాటినా తేలకపోతే నాలుగు డిస్కులు ముందు పెట్టుకోండి. షాపులో కొన్న పాటల సీడీ ఒకటి, సినిమా డీవీడీ ఒకటి, ఖాళీ సీడీ ఒకటి, ఖాళీ డీవీడీ ఒకటి.

* నాలుగింటిలో ఏదీ పలకలేదా? కటకం మీద దుమ్ము పేరుకుని ఉండొచ్చు. ల్యాప్‌టాప్ రకం రైటర్లలో ట్రే లాగితే కటకం పైకే కనిపిస్తుంది. కరెంటు తీసేసి, రబ్బరు బంతి లాంటి బ్లోయర్‌తో గాలి కొట్టాలి. అప్పటికీ కాకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేసిన దూదిపుల్లతో తాకీతాకనట్టు తుడవాలి.
* సీడీలు రెండూ పలికి డీవీడీలు రెండూ పలకలేదా? డీవీడీ లేజర్ నీరసించినట్టే. స్కానింగ్ సీడీల వరకూ ఆ రైటర్‌ను ఇంకా వాడుకోవచ్చు.
* చదువుతోంది కానీ రాయట్లేదా? డిస్కు కంపెనీ మార్చి, వేగం తగ్గించి చూడండి. అప్పుడూ రాయకపోతే లేజర్‌లో రాసే సత్తువ పోయింది. అయినా పాత డిస్కులు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి అది పనికొస్తుంది.
* నాలుగూ పలికి ఒక్క ప్రోగ్రామ్‌లోనే రాయట్లేదా? తప్పు ప్రోగ్రామ్‌ది.

ఈ చివరి మాట లినక్స్‌లో మరీ నిజం. కె3బీ, బ్రసేరో, ఎక్స్ఎఫ్‌బర్న్ అని తెర మీద మనకు కనిపించేవి చాలావరకూ ముఖాలే. రాసే పని వెనుక ఉండే ఇంకో ప్రోగ్రామ్ చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసింది జర్మనీకి చెందిన యార్గ్ షిల్లింగ్ రాసిన సీడీరికార్డ్. లైసెన్సు విషయంలో ఆయనకూ డెబియన్ వాళ్లకూ చెడి, 2006లో డెబియన్ బృందం దాని నుంచి చీల్చి 'వోడిమ్' అని వేరు కాపురం పెట్టింది. షిల్లింగ్ 2021లో కన్నుమూశారు. వోడిమ్‌ను పట్టించుకునేవాళ్లు లేక ఏనాడో ఎదుగుదల ఆగింది. డీవీడీల దగ్గర అది తడబడుతుంది. ఎక్స్ఎఫ్‌బర్న్ వెనుక పనిచేసేది మరో రకం, దాని పేరు లిబ్‌బర్న్. అందుకే ఒక ప్రోగ్రామ్‌లో మొండికేసిన రైటర్ ఇంకోదానిలో బుద్ధిగా రాసేస్తుంది. రైటర్ మార్చే ముందు ప్రోగ్రామ్ మార్చి చూడటానికి పైసా ఖర్చుండదు.

లినక్స్ నిజంగానే డ్రైవ్‌లను చంపిన వేళ!

'లినక్స్ వేశాకే పాడైంది' అన్న మాట ఒక్కసారి మాత్రం అక్షరాలా నిజమైంది. 2003 అక్టోబరులో మాండ్రేక్ లినక్స్ 9.2 వచ్చింది. దాన్ని వేసుకుంటున్న కొందరి కంప్యూటర్లలో ఎల్‌జీ కంపెనీ సీడీ డ్రైవ్‌లు ఉన్నట్టుండి మూగబోయాయి. మళ్లీ లేవలేదు. తవ్వి చూస్తే తేలిందేంటంటే... 'రాయాల్సింది ఇంకా మిగిలి ఉంటే రాసేయ్' అనే మామూలు ఆదేశాన్ని మాండ్రేక్ కెర్నెల్ డ్రైవ్‌కు పంపింది. ఆ డ్రైవ్‌లు చదవడానికే తప్ప రాయడానికి కావు. తమకు అక్కర్లేని ఆదేశమే కదా అని కంపెనీ దాన్ని వేరే పనికి, అంటే లోపలి ప్రోగ్రామ్‌ను మార్చుకోవడానికి వాడుకుంది. లినక్స్ ఒకటి చెబితే డ్రైవ్ ఇంకోటి విని తన ప్రోగ్రామ్‌ను తానే పాడుచేసుకుంది! మాండ్రేక్ తన కెర్నెల్‌ను సరిదిద్దింది. ఎల్‌జీ మరమ్మతు ప్రోగ్రామ్ ఇచ్చింది. దాంతో చచ్చాయనుకున్న డ్రైవ్‌లకూ ప్రాణం పోసే వీలు దొరికింది.

ఇవి మాత్రం వద్దు

* కరెంటు ఉండగా రైటర్ మూత విప్పి లోపలికి చూడొద్దు. లేజర్ కంటికి ప్రమాదం. సీడీ లేజర్ అయితే కనిపించను కూడా కనిపించదు.
* సీడీని గుండ్రంగా తుడవొద్దు. మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవాలి.
* సీడీకి పేరు రాసే వైపు గీకొద్దు. సమాచారం ఉండేది సరిగ్గా ఆ పొర కిందే. డీవీడీలో రెండు ప్లాస్టిక్ బిళ్లల నడుమ ఉంటుంది కాబట్టి కాస్త నయం.
* రైటర్ లోపలి ప్రోగ్రామ్‌ను మార్చే పని మొదట్లోనే పెట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే బాగున్న రైటర్ కూడా పోతుంది.

పలికిందా... మరి ముందేం చేయాలి?

రైటర్ పలకగానే కొత్త డిస్కులు రాయడానికి తొందరపడొద్దు. ముందు పాతవి చదివించాలి. ముసలి లేజర్ ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేం. బీరువాలోని డిస్కుల రంగు పూతలకూ వయసు మీద పడుతోంది. ఒక్కటే కాపీ ఉన్నవాటిని, అంటే పెళ్లి వీడియో, పోయిన పెద్దవాళ్ల గొంతున్న డిస్కు లాంటివాటిని మొదట హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. మధ్యలో ఆగిపోయే డిస్కులుంటే లినక్స్‌లో 'డీడీరెస్క్యూ' అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది గీతలు పడ్డ చోట తల బాదుకోకుండా ముందు తేలిగ్గా వచ్చినదంతా లాగేస్తుంది. మొండికేసిన ముక్కలను గుర్తు రాసిపెట్టుకుని తర్వాత మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అదే డిస్కును ఇంకో రైటర్‌లో పెట్టి, ఆపిన చోటి నుంచే కొనసాగించొచ్చు కూడా.

ఎక్కించినవాటిని రెండు చోట్ల దాచండి. ఒకటి ఇంట్లో, ఇంకోటి ఊళ్లో మరో బంధువు ఇంట్లో ఉంటే మరీ మంచిది. డిస్కు మీద రాసుకుంటే, రాశాక 'వెరిఫై' అన్నది ఎంచుకుని సరిపోల్చుకోవాలి. ట్రే బయటికి వచ్చినంత మాత్రాన రాత సరిగ్గా పడినట్టు కాదు.

ఆలస్యం చేయకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. సీడీలూ డీవీడీలతో మన ఇళ్లలో అందరికీ తెలిసిన మోసర్ బేయర్ కంపెనీని 2018లో మూసివేత బాట పట్టించారు. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపేసింది. డిస్కులు చేసేవాళ్లు తగ్గేకొద్దీ వాటిని చదివే యంత్రాలూ తగ్గుతాయి. కాబట్టి మూలనున్న ఆ పాత కంప్యూటర్‌లో రైటర్ ఇంకా పలుకుతోందో లేదో ఈ సెలవు రోజునే చూసుకోవడం మంచిది. వారానికి రెండు డిస్కులు ఎక్కించినా ఏడాది తిరిగేసరికి వంద పూర్తవుతాయి. బీరువా పై అర ఖాళీ కావడానికి చాలా ఇళ్లలో అది చాలు.